గేటు పడ్డాక

"ఆ ప్యాకెట్లన్నీ ఏం చేశావే?"

అమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదట ఆస్పత్రి వరండాలో అడిగింది. తర్వాత బస్సులో, పక్క సీటువాళ్లు వింటారని గొంతు తగ్గించి అడిగింది. ఇప్పుడు ఇంట్లో తలుపు గడియ పెట్టి మరీ అడుగుతోంది.

పిట్ట మంచం మీద గోడకి చేరగిలబడి కూర్చుంది. కుడికాలు కింద రెండు దిళ్లు. మంచం కోడుకి ఆనించిన చంక కర్రలకి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనేలేదు. ఆ పిల్లని కన్నతల్లి దగ్గర్నుంచి గ్రౌండు కాపలాదారు దాకా అందరూ పిట్ట అనే పిలుస్తారు. ఇరవయ్యేళ్లు నిండినా పిట్టంత ఒళ్లు, పిట్టంత తిండి. పరిగెత్తితే మాత్రం ఆ చుట్టుపక్కల దాన్ని అందుకున్న ఆడపిల్ల ఇంతవరకు లేదు.

"నిన్నే. నెలనెలా నేను కొని బీరువాలో పెడుతున్నాను. నెలనెలా ఖాళీ అవుతూనే ఉన్నాయి. ఏడాదిన్నరగా నీకు నెలసరే రాకపోతే అవి ఎటు పోయాయి?"

"గ్రౌండులో పిల్లలకి ఇచ్చేశాను."

"ఎందుకూ?"

"నువ్వు అడుగుతావని."

అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుంది. పక్కన స్కూలు యూనిఫారాల గుట్ట. ఒక చొక్కా చెయ్యి తీసి సూది కిందకి తోసింది. తిరగేసి పెట్టిందని నాలుగు అంగుళాలు కుట్టాక గాని చూసుకోలేదు. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని కుట్టే మనిషి.

ఉదయం జరిగింది అలాంటిది మరి. తుంటి దగ్గర నొప్పని పిట్ట కుంటుకుంటూ తిరగడం మొదలై చాలా రోజులైంది. మొదట తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఈసారి పెద్ద స్కానింగు తీయించిన డాక్టరమ్మ, ఆ బొమ్మని వెలుతురుకి పెట్టి చూసి, తొడ ఎముక తుంటిలోకి దూరే చోట సన్నటి చీలిక ఉందని చూపించింది. చూపించాక పరుగు గురించి అడగలేదు. పడ్డావా, దెబ్బ తగిలిందా అనీ అడగలేదు. నెలసరి ఆఖరిసారి ఎప్పుడొచ్చింది అని అడిగింది.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతోందేమిటి ఈవిడ అనుకుంది అమ్మ.

పిట్ట టక్కున పోయిన నెల పదిహేనో తారీఖు అంది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంత గబుక్కున తారీఖు చెప్పేవాళ్లని నేను పెద్దగా చూడలేదమ్మా. మళ్లీ అడుగుతున్నా, నిజం చెప్పు" అంది. అంతే, పిట్ట బావురుమంది.

ఏడాదిన్నర దాటిందని బయటపడగానే అమ్మ మనసు ఎటు పరిగెత్తిందో వేరే చెప్పాలా. పెళ్లికాని పిల్లకి నెలలు తప్పాయంటే ఏ తల్లి బుర్రయినా ముందు పోయేది అటే. లెక్క కుదరదని కూడా ఆ క్షణంలో తట్టలేదు. డాక్టరమ్మ ఆ మొహం చూసి అర్థం చేసుకుంది.

"మీరు అనుకునేది కాదమ్మా. ఇది కడుపు పండడం కాదు, ఒళ్లు ఎండిపోవడం. తినేది చారెడు, ఖర్చుపెట్టేది బారెడు. ఒంటికి చాలనప్పుడు ముందు ఆపేసేది దీన్నే. ఇది ఆగిందంటే ఎముకని కాపాడే హార్మోను కూడా పడిపోయిందని. వరసగా మూడు నెలలు రాకపోతేనే ఎవరికైనా చూపించుకోవాలి. ఈ పిల్ల మొహం చూడకుండా ఎముకలు మాత్రం చూసి వయసు చెప్పమంటే అరవై అంటాను నేను."

ఆ కాలు మీద బరువు మోపకూడదంది. ఆదివారం సెలక్షన్ పరుగు ఉందని పిట్ట గొణిగితే, పరిగెత్తితే ఆ చీలిక నిలువునా విరుగుతుందనీ, ఆ తర్వాత ఇనుము పెట్టి బిగించినా మునుపటిలా నడుస్తావని తను రాసివ్వలేననీ ఖచ్చితంగా చెప్పింది.

ఇదీ సంగతి. అమ్మ చొక్కా చెయ్యి కుట్లు విప్పడానికి కత్తెర అందుకుంది.

"ప్యాకెట్లు ఖాళీ చెయ్యాలని నీకు తట్టిందా, ఎవరైనా చెప్పారా?"

పిట్ట కాలి కింది దిండు సర్దుకుంది.

"తారీఖు నేర్చుకుని పెట్టుకోవాలని?"

పిట్ట దిండు గలీబు కొస నలుపుతోంది.

"అక్కకి తెలుసా?"

ఇందాకటి నుంచి పిట్ట ఊరుకుంటే అది మొండితనం అనుకుంది అమ్మ. ఈసారి ఊరుకోవడం అలా లేదు. దిండు కొస వదిలేసి, తల వంచేసి, చెంప దెబ్బకి సిద్ధపడ్డట్టు కూర్చుంది. అమ్మ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

"తెలుసన్నమాట" అంది.

* * *

అక్క వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గ్రౌండు నుంచి సరాసరి వచ్చింది, మెడలో ఈల కూడా తియ్యలేదు. ఒకప్పుడు ఇదే గ్రౌండులో దూరం పరుగులో దానికి తిరుగు లేదు. కాలు విరిగి పరుగు మానేశాక అక్కడే ఆడపిల్లలకి శిక్షణ ఇస్తోంది. గ్రౌండంతా కోచమ్మ అంటారు. ఆ మాట వింటే అమ్మకి ఇన్నాళ్లూ కడుపు నిండిపోయేది.

వెనకే బావ. బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి అదే చొక్కాతో వచ్చాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే, "ఏమే పిట్టా, రెక్కలు మానేసి కర్రలు పట్టావట?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావ చెప్పులు విడిచి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చీలిక ఎంతుందట?" అంది అక్క.

నొప్పి ఎలా ఉందే అనలేదు. అమ్మ ఆ తేడా పట్టుకుంది.

"అడుగు. ఎంతుందో అడుగు. నొప్పెడుతోందా అని మాత్రం అడక్కు."

"అమ్మా, ఊరికే గాభరా పడకు. సన్నటి చీలికలు ఈ ఆటలో అందరికీ వస్తాయి. గట్టిగా కట్టు కడితే ఆదివారం దాకా..."

"ఆదివారం మాట ఇంకోసారి ఎత్తావంటే నాలుక కత్తిరిస్తాను."

చేతిలో కత్తెర ఉండటంతో ఆ మాటకి బలం వచ్చింది. అక్క మంచం చివర కూర్చుంది.

"దీనికి నెలసరి ఆగిపోయిందని నీకెప్పుడు తెలుసు?"

అక్క పిట్ట వైపు చూసింది. పిట్ట గోడ వైపు చూసింది.

"దాన్ని చూడకు. నన్ను చూసి చెప్పు."

"మొదట్నుంచీ తెలుసు."

"తెలిసి నాకు చెప్పలేదు."

"చెబితే నువ్వు గోల చేస్తావని చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చేస్తున్నట్టు. ఇది జబ్బు కాదమ్మా. ఒళ్లు దాచుకోకుండా సాధన చేసే ఆడపిల్లలకి ఆగుతుంది. ఆగిందంటే ఒళ్లు పరుగుకి తయారైనట్టు లెక్క."

"ఎవరు కట్టారే ఆ లెక్క?"

"మా కోచ్ మాకు చెప్పాడు."

"ఆయనకి వచ్చిందా, ఆగిందా, ఆయనకేం తెలుసు?"

గోడ దగ్గర బావకి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"గ్రౌండులో దాన్ని గేటు పడటం అంటారమ్మా" అంది పిట్ట, గోడనే చూస్తూ. అక్క వచ్చినప్పట్నుంచి అది తనంతట తను నోరు విప్పడం ఇదే మొదటిసారి. "రోడ్డుకి గేటు పడిందంటే ఇక రైలుకి అడ్డు లేదు కదా. అలా. ఎవరికైనా గేటు పడిందని తెలిస్తే అందరూ చప్పట్లు కొడతారు. నాకు పడినప్పుడు అక్క నన్ను కావలించుకుంది. తన ఎర్ర స్పైకులు తీసి నాకిచ్చింది."

అమ్మకి ఆ రోజు గుర్తుంది. పిట్ట ఆ పాత ఎర్ర బూట్లు గుండెలకి హత్తుకుని వచ్చింది. అక్క ఎవరినీ ముట్టుకోనివ్వని బూట్లు అవి. తను పరిగెత్తలేకపోయినా చెల్లెలు పరిగెత్తాలని ఇచ్చేసింది, ఎంత మంచి మనసో నా పెద్దదానిది అని అమ్మ కళ్లొత్తుకుంది. ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయింది. ఎందుకిచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"ఒళ్లు మొర్రో అని మొత్తుకుంటే మీరు చప్పట్లు కొట్టారా?"

అక్క నీళ్లు నమిలింది. "అమ్మా, నీకు పరుగు గురించి తెలీదు."

"నాకు తెలీదు. గుడ్డ గురించి తెలుసు. దీని నిక్కరు నడుము దగ్గర బిగించమని ఎన్నిసార్లు తెచ్చావే నా దగ్గరికి? బిగించినప్పుడల్లా, అక్క దగ్గర ఉంది, అక్క చూసుకుంటుందిలే అనుకున్నాను. చేతులారా బిగించాను. నేనూ గుడ్డిదాన్నే."

"నేను చూసుకోలేదా? పొద్దున్నే లేపింది నేను, కాళ్లు పట్టింది నేను, దీని వెనకాల ఎండలో..."

"కంచే చేను మేసింది. కాపలా కాశానని లెక్క చెబుతోంది చూడు."

ఆ మాటతో అక్క లేచి నిలబడింది. వెళ్లిపోతుందేమో అనిపించింది. అప్పుడు బావ మాట్లాడాడు.

"పిట్టకి కూడా ఆగిపోయిందని నాకెందుకు చెప్పలేదు?"

బావ ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. రోజంతా బస్సులో జనం అరుపులు వినీవినీ, ఇంట్లో గుసగుసగా మాట్లాడటం అలవాటు. ఇప్పుడూ అలాగే అన్నాడు. అయినా అక్క గతుక్కుమంది.

"నీకెందుకు అవన్నీ?"

"నాకెందుకా." బావ గోడ నుంచి ఒళ్లు తీశాడు. "నీ కాలు సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వు నోరు మూసుకో."

"ఇన్నేళ్లూ మూసుకునే ఉన్నాను."

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కాలు సంగతి ఏమిటి? మెట్ల మీద జారిపడింది, అదేగా?"

బావ అక్క వైపే చూస్తున్నాడు.

ఇక్కడ ఆ మెట్ల కథ కాస్త చెప్పుకోవాలి. ఈ ఇంటికి రాకముందు వీళ్లు ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లు. అమ్మ యూనిఫారాలు అప్పజెప్పడానికి వెళ్లిన రోజున అక్క ఆ మెట్ల మీద పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను చేసి ఇనప కడ్డీ వేశారు. మంచాన పడ్డ పిల్లకి అమ్మ ముద్దలు కలిపి తినిపించింది. అంతటితో ఊరుకోలేదు. మెట్లకి నాచు పట్టినా పట్టించుకోలేదని ఇంటాయన మీదకి వెళ్లింది. ఆ మనిషి నోట్లో వేలు పెడితే కొరకలేని రకం. నా మెట్లు రోజూ కడుగుతానమ్మా అని ఎంత మొత్తుకున్నా వినకుండా, వీధిలో నిలబెట్టి నోటికొచ్చినట్టు కడిగేసి, ఇల్లు ఖాళీ చేసి వచ్చేసింది.

"చెప్పవే" అంది అమ్మ.

అక్క ఈల తాడు వేలికి చుట్టుకుంటోంది. వేలి కొస తెల్లబడేదాకా చుట్టింది.

"పడితే విరగలేదమ్మా. విరిగితే పడ్డాను."

"అంటే?"

"అప్పటికి ఎన్నో రోజులుగా నొప్పి. ఇక్కడే, దీనికి ఉన్నచోటే. డాక్టరు చూసి ఆపెయ్యమన్నాడు. నాకూ నెలసరి ఆగిపోయి చాలా కాలమైందని ఆయనకి చెప్పాను. ఎముకలు గుల్లబారాయి, తిండి పెంచు, పరుగు మానెయ్యి అన్నాడు. నేను మానలేదు. ఆ రోజు సాధన చేసి వచ్చి, మూడో మెట్టు ఎక్కుతుంటే లోపల ఫట్‌మంది. అప్పుడు పడ్డాను. జారానని నీకు చెప్పాను."

అమ్మ నోట వచ్చిన మొదటి మాట ఎవరూ అనుకోనిది.

"ఆ ఇంటాయన్ని నేను ఎన్ని మాటలన్నానే. పెళ్లాం ముందు, పిల్లల ముందు. ఆయన దణ్ణం పెట్టాడు నాకు. నువ్వు మంచం మీంచే కిటికీలోంచి చూస్తూనే ఉన్నావు."

అక్క తల దించుకుంది.

"అల్లుడుగారూ, మీకెప్పట్నుంచి తెలుసు?"

"పెళ్లికి ముందునుంచీ తెలుసత్తయ్యా. నాకు చెప్పింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"మొన్న ఇది దగ్గుతుంటే పక్కటెముక దగ్గర పట్టేసిందన్నారు. అదీ ఇదేనా?"

బావ తలూపాడు. "పట్టెయ్యడం కాదు. చిట్లింది."

"ఒట్టు బాగా నిలబెట్టుకున్నారు బాబూ. నా ఇంట్లో అందరూ మాట మీద నిలబడేవాళ్లే. నేనొక్కదాన్నే వెర్రిదాన్ని. అందరూ కలిసి నా చెవిలో పువ్వులు పెట్టి కూర్చోబెట్టారు."

బావ ఏదో అనబోయాడు. అమ్మ చెయ్యెత్తి ఆపేసింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఒక దొంగ కాదు, ఇల్లంతా దొంగలే. ఆ ఇంట్లో పగలూ రాత్రీ మిషను తొక్కి ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషికి ఎంత మండుతుందో ఊహించుకోండి. ఆమె ఏడవలేదు. ఏడిస్తే మాట్లాడటం కుదరదని ఆపుకుంది.

"సరే. నీ ఒళ్లు, నీ ఇష్టం, పాడు చేసుకున్నావు. నాకు చెప్పలేదు, అదీ సరే. దీన్నెందుకు దింపావే అదే గోతిలోకి? తెలియక దింపితే నా పిల్ల తెలివితక్కువది అనుకుని ఊరుకుందును. తెలిసి దింపావు."

"నాకు విరిగింది సెలక్షన్‌కి ముందు వారం" అంది అక్క. "ఇంకొక్క వారం ఆగి విరిగి ఉంటే, నేను ఎంపికయ్యేదాన్ని. ఇన్నేళ్లుగా అదొక్కటే అనుకుంటూ బతుకుతున్నాను. పిట్ట నాకన్నా గట్టిది. ఆ వారం దాటేస్తే చాలు, తర్వాత తినిపించొచ్చు, మందులు వాడొచ్చు, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను."

"నీకు దాటని వారం దీని కాళ్లతో దాటుదామనుకున్నావు."

అక్క మళ్లీ మంచం చివర కూలబడింది.

"లే. వెళ్లు. ఇవాళ నిన్ను చూస్తూ నేను ఇంట్లో ఉండలేను" అంది అమ్మ. అనేసి తనే వెళ్లిపోయింది, వంటగదిలోకి. లోపల గిన్నె ఒకటి కింద పడింది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

* * *

గదిలో ముగ్గురు మిగిలారు. వీధి దీపం వెలిగి, కిటికీలోంచి యూనిఫారాల గుట్ట మీద పడుతోంది.

అమ్మ అరిచినప్పుడు పిట్ట ఏడవలేదు, బావ చెప్పినప్పుడు ఏడవలేదు. దాని మొహం చూస్తే పరుగు మొదలయ్యే ముందు గీత దగ్గర నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"మెట్ల మీద పడ్డావనే నాకూ చెప్పావు" అంది.

"అవును."

"నీది తిరిగొచ్చిందా?"

"పరుగు మానేసి, తిండి సరిగ్గా తిన్నాక రెండేళ్లకి వచ్చింది. ఇప్పటికీ ఒక నెల వస్తే ఒక నెల రాదు. ఎముక మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు."

"నాకు మొదట నొప్పి వచ్చినప్పుడు నీ దగ్గరికే వచ్చాను. అమ్మకి చెప్పలేదు, నీకు చెప్పాను. ఇక్కడా అని వేలు పెట్టి చూపించాను." పిట్ట తుంటి మీద వేలు పెట్టింది. "కండరం పట్టేసిందన్నావు. నువ్వే నూనె రాశావు."

"రాశాను."

"రాసేటప్పుడు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"తెలుసా అని అడిగాను."

"తెలుసు."

బావ కళ్లు మూసుకున్నాడు.

పిట్ట తలూపింది, ఎవరో టైమెంతో చెబితే విన్నట్టు. దానికి అక్కంటే ఏమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నడక నేర్చుకున్నది అక్క వేలు పట్టుకుని కాదు, అక్క వెనకాల పరిగెత్తుతూ. నాన్న పోయినప్పుడు ఎవరి దగ్గరా నిద్రపోని పిల్ల అక్క వీపుకి అతుక్కుని పడుకుంది. అక్క ఆకలి లేదంటే తనకీ ఆకలి లేదు. అక్క బాగుందంటే అది బాగున్నట్టే.

అక్క మంచం పక్కన నేల మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు కడ్డీ వేసిన కాలు ఎప్పటిలా చాపుకుంది. పిట్ట పాదం పట్టుకుంది.

"ఒసేయ్, ఆదివారం వద్దే. నేను చెబుతున్నాను. ఆ కర్రలు తీసుకో. డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి. ఏడాది పట్టినా ఫరవాలేదు. నీకు ఇరవయ్యే. మళ్లీ పరిగెత్తొచ్చు."

"పొద్దున ఫోన్లో ఏమన్నావు?"

అక్క తలెత్తి చూసింది.

"ఆస్పత్రి నుంచి చేశాను కదా. ఏడుస్తూ చేశాను. డాక్టర్లు అలాగే అంటారు, వాళ్లెప్పుడూ పరిగెత్తి చూళ్లేదు, కట్టు కట్టుకుని పరిగెత్తేద్దాం అన్నావు. ఇప్పుడు వద్దంటున్నావు. రెండిట్లో ఏది అబద్ధం?"

"పొద్దున చెప్పింది అబద్ధం. ఇది నిజం."

"నాకెలా తెలుస్తుంది?"

"పిట్టా..."

"బావ నోరు విప్పకపోతే ఆదివారం నన్ను పరిగెత్తించేదానివి కదా?"

కాదు అని ఒక్క మాట అనొచ్చు. అబద్ధమే అయినా అనొచ్చు. ఇన్ని అబద్ధాలు చెప్పిన నోటికి ఇంకొకటి బరువా? అక్క నోరు తెరిచింది, మూసుకుంది. పిట్ట పాదం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

పిట్ట ఆ చేతిని నెమ్మదిగా తప్పించింది. కసిరి కాదు. పరాయివాళ్ల చెయ్యి తగిలితే పక్కకి జరిపినట్టు జరిపింది.

"ఏమీ లేనిదాన్నై ఇక్కడ పడి ఉండలేను. ఏడాదిన్నర తిండి మానేశాను. అమ్మతో నెలనెలా అబద్ధం ఆడాను. నా ఒళ్లు నాకు చెబుతుంటే వినకుండా నువ్వు చెప్పింది విన్నాను. ఇన్ని పోగొట్టుకుని ఇప్పుడు ఆపేస్తే నీలాగే అవుతాను. ఇంకో పిల్లని పట్టుకుని దాని కాళ్లతో దాటాలని చూస్తాను."

"అలా అవ్వవే. నేను చెబుతున్నాను కదా."

"నువ్వు చెబుతున్నావు. అదే కదా."

వంటగది గుమ్మంలోకి అమ్మ వచ్చి నిలబడింది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె చేతిలో కంచం ఉంది, చిన్నపిల్లకి పెట్టినట్టు కలిపి తెచ్చింది.

"పిట్టా, ఇది తిను. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అంది.

"నేను ఆదివారం పరిగెత్తుతానమ్మా."

కంచం పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. "డాక్టరమ్మ ఏం చెప్పిందో విన్నావుగా."

"ఆవిడెవరో నాకు తెలీదు. ఇవాళే చూశాను. నీకేమో పరుగు గురించి తెలీదు, నువ్వే అన్నావు. తెలిసిన మనిషి ఒకరు ఉండేవాళ్లు ఈ ఇంట్లో."

అమ్మ అక్క వైపు చూసింది. ఇందాక వెళ్లు అన్న మనిషే, ఇప్పుడు ఏదైనా చెయ్యవే అన్నట్టు చూసింది. పిట్ట అమ్మ మాట ఎప్పుడూ వినలేదు. డాక్టర్ల మాటా వినలేదు. ఒక్క అక్క వద్దంటే చాలు, అన్నం పళ్లెం దగ్గర్నుంచి అయినా లేచిపోయేది. వద్దు అనడానికి అక్క ఇప్పుడు అక్కడే ఉంది. నేల మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, వద్దే వద్దే అంటూనే ఉంది. ఇంత నిజం అది జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు.

పిట్ట దిళ్ల మీద నుంచి కాలు కిందకి దించింది. చంక కర్రలకి చెయ్యి వెయ్యలేదు. బావ పట్టుకోబోతే వద్దని తలూపింది. లేచి నిలబడి, కుడికాలి మీద పూర్తి బరువు వేసి, అక్కని దాటుకుని గుమ్మం వైపు నడిచింది.

ఒక్క అడుగు కూడా తడబడలేదు. నొప్పి మొహంలోకి రానివ్వకుండా నడవడం ఎలాగో దానికి అక్కే నేర్పింది.